ఉయ్యాల కొక్కెం

"నువ్వు ఖాళీయే కదా, ఈశ్వరీ" అంటూ కామేశ్వరి ఆంటీ వీరుని నా చంకనేసి పైకి వెళ్ళిపోయేసరికి నా చేతులకి అంట్లు తోమే సబ్బు ఇంకా అలాగే ఉంది. ఆవిడ మా ఇంటి ఓనరు. వీరు ఆవిడ మనవడు, కూతురు అనూరాధ కొడుకు. పేరు వీరేంద్ర గానీ, అంత పేరు మోసే ఒళ్ళు వాడికింకా రాలేదని నేనే వీరుగా కుదించాను. అనూరాధ బ్యాంకుకి వెళ్తుంది. ఆమె భర్త ఓడల్లో పని చేస్తాడు, ఎప్పుడో గానీ ఇంటికి రాడు. ఆంటీకి మోకాళ్ళ నొప్పులు. అంకుల్, అంటే కృష్ణంరాజుగారు, రిటైరయ్యాక పేపరు చదువుతారు. అది కూడా ఉద్యోగంలాగే చదువుతారు, మధ్యలో ఎవరూ కదపకూడదు. ఇక మిగిలిందెవరు? కింద వెనక పోర్షన్లో అద్దెకుంటున్న నేను. వాడికి ఇంకా మెడ కూడా సరిగ్గా నిలవని రోజుల్లో "ఒక్క గంట చూడమ్మా" అన్నారు. ఇప్పుడు వాడు పరుగులు పెడుతున్నాడు, ఆ గంట మాత్రం ఇంకా అవలేదు.

నాకు విసుగు రాలేదని చెప్పను. వచ్చింది. కానీ వాడు నిద్ర ముంచుకొచ్చినప్పుడు నా మెడలో పసుపుతాడు వేలికి చుట్టుకుని, కళ్ళు వాలుస్తూ "ఈసూ" అంటాడు. విసుగంతా ఎక్కడికి పోతుందో తెలీదు. వాడి మొదటి మాట ఏమిటని అనూరాధ అడిగితే "అమ్మ" అని చెప్పాను. నిజానికి వాడు మొదట అన్నది "ఈసూ". సాయంత్రం బస్సు దిగి, చెమటతో, చెప్పులైనా విప్పకుండా ఆశగా అడుగుతున్న మనిషికి ఆ నిజం చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఈ ఇంట్లో దిగిన రోజు అంకుల్ చెప్పిన మొదటి మాట గోడకి మేకు కొట్టకూడదని. సరేనన్నాం. మా క్యాలెండరు కిటికీ ఊచకి వేలాడుతుంది. దేవుడి పటాలు వంటగది గట్టు మీద గోడకి ఆనుకుని కూర్చుంటాయి. మా పాప బళ్ళో వేసిన బొమ్మ ఒకటి నేను మైదా జిగురుతో అంటిస్తే, పెయింట్ పాడవుతుందని ఆంటీ చేత తీయించారు. అలాంటిది, వీరుకి ఉయ్యాల కట్టాల్సి వచ్చినప్పుడు డ్రిల్లింగ్ మెషీన్ పట్టుకుని ఒక మనిషి తిన్నగా నా గదిలోకి వచ్చాడు. పైన వాళ్ళ హాల్లో సీలింగంతా పూల డిజైను, చిన్న చిన్న లైట్లు. దానికి కన్నం పెడితే పగిలిపోతుందట. నా సీలింగు వట్టి స్లాబే కదా. నేనప్పుడే అన్నం వార్చి మూత తీశాను. గిన్నె పక్కకి జరిపేలోపే సిమెంటు పొడి అన్నంలో పడింది. ఆ అన్నం పారబోసి మళ్ళీ వండుకున్నాను. కొక్కెం మాత్రం గట్టిగా దిగింది. "పాత చీరైతే పిల్లాడికి మెత్తగా ఉంటుంది, నీ దగ్గరుంటుందిగా" అంది ఆంటీ. ఉంది. ఇచ్చాను.

మా ఇంటికి రెండిళ్ళ అవతల నర్గీస్ ఉంటుంది. ఆటోనగర్లో ఒక చిన్న కంపెనీలో మోటార్లకి తీగలు చుట్టే పని. ఆ అమ్మాయి కూతురు షాహీనా ఇప్పుడిప్పుడే బోర్లా పడుతోంది. పిల్లని చూసే అత్తగారు జబ్బుపడి పెద్దకొడుకు దగ్గరికి వెళ్ళిపోవడంతో ఒక రోజు మా గేటు దగ్గరికి వచ్చింది.

"అక్కా, నా పిల్లని నువ్వు సూత్తావా? ఊరికే కాదక్కా. జీతం రాగానే ఇత్తాను. మా కంపెనీలో ఇంకా ఇద్దరున్నారు, పిల్లల్ని ఎక్కడ ఎట్టాలో తెలక ఏడుత్తన్నారు. నువ్వు ఊఁ అంటే ఆళ్ళూ వత్తారు."

ఊరికే కాదు. ఆ మాట నాతో అంతకుముందు ఎవరూ అనలేదు. నిజం చెప్పొద్దూ, ఆ సాయంత్రమంతా ఇల్లు ఊడుస్తూ, కిటికీల మీద ఫ్యాక్టరీల నల్ల దుమ్ము తుడుస్తూ ఆ మాటే మళ్ళీ మళ్ళీ అనుకున్నాను. పెళ్ళికి ముందూ, పెళ్ళయ్యాక కొన్నాళ్ళూ నేను గాజువాకలో బట్టల షోరూంలో చేశాను. చీరల సెక్షను. కొనేవాళ్ళ భుజం మీద చీర వేసి, అద్దం వైపు తిప్పి, వాళ్ళ మొహం మారడం చూస్తే నాకు భలే సంతోషంగా ఉండేది. పాప పుట్టాక మళ్ళీ చేరతానంటే మా ఆయన "పిల్లనెవరు సూత్తారు?" అన్నాడు. మా అత్త జోగమ్మ అదే అంది. షోరూం మేనేజరూ అదే అన్నాడు. ముగ్గురూ నా మొహం వైపే చూస్తూ అడిగారు. జవాబు వాళ్ళకి ముందే తెలుసు. నర్గీస్ లాగా నేను కూడా ఎవరి గేటో తట్టి ఉంటే, ఆ గేటు వెనక ఎవరైనా ఉండి ఉంటే ఏమయ్యేదో అని ఇప్పటికీ అనుకుంటాను.

మా ఆయన సాయిశంకర్‌ది లేతు మెషీన్ పని. అన్నం వడ్డించాక మెల్లగా కదిపాను.

"ఇంట్లో ఉండి సేసుకునేదే కదా మావా. కొక్కెం ఉంది, సాపలున్నాయి."

"నాను సంపాదిత్తన్నాను గదా, నీకేటి తక్కువైంది?" అన్నాడు. తర్వాత నా మొహం చూసి కొంచెం మెత్తబడ్డాడు. "సరే, ముందు అమ్మనడుగు. తరవాత ఓనరుగార్ని అడగాల."

అత్త ఫోన్లోనే నా మీదికి లేచింది. "ఊరోళ్ళ పిల్లల ముడ్లు కడగడానికేటే నిన్ను పట్నం అంపినాను? ఈదిలో తలెత్తుకోగలనా నాను?" మరి వీరుది ఎవరు కడుగుతున్నారత్తా అని అడుగుదామనుకున్నాను. అడగలేదు. "ఓనరుగారు మనవణ్ణి మా కోడలి సేతిలోనే ఎడతారు" అని ఆవిడ ఊళ్ళో గొప్పగా చెప్పుకుంటుంది మరి. ఊరికే చేస్తే గొప్ప, డబ్బు తీసుకుంటే సిగ్గు. ఈ లెక్క నాకు ఎప్పటికీ అర్థం కాదు.

ఆదివారం పైకి వెళ్ళాం. మా ఆయనకి కుర్చీ వేశారు. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను, నా భుజం మీద వీరు నిద్రపోతున్నాడు.

అంకుల్ పేపరు మడిచి మా ఆయన వైపు చూశారు. "ఎవరి పిల్లలయ్యా?"

"నర్గీస్ అనీ సార్, ఆ సందులోనే. ఇంకా ఎవరో ఇద్దరు."

ఆంటీ అంకుల్ వైపు చూసింది. "రకరకాల వాళ్ళు వస్తూ పోతూ ఉంటారు" అంది అంతే.

"ఫ్యామిలీకని ఇచ్చాను శంకరూ, వ్యాపారానికి కాదు" అన్నారు అంకుల్. "నీళ్ళెన్ని కావాలి? ఏ పిల్లో పడితే పూచీ ఎవరిది? ఇల్లన్నాక ఇల్లులా ఉండాలి. అయినా డబ్బుకి పిల్లల్ని చూడ్డమేంటయ్యా, పిల్లల్ని ప్రేమగా కదా చూడాలి!"

ఆ గొంతుకి వీరు ఉలిక్కిపడి కదిలాడు. "మెల్లగా జోకొట్టమ్మా, లేచిపోతాడు" అంది ఆంటీ నాతో. జోకొట్టాను. ఆ రోజు వాళ్ళు నాతో మాట్లాడింది ఆ ఒక్క మాటే.

"నానూ అదే సెప్పాను సార్, ఇనదు" అన్నాడు మా ఆయన. మగాళ్ళిద్దరూ నవ్వుకున్నారు. ఇంట్లో అబద్ధం ఆడని మనిషి అక్కడెందుకు అలా అన్నాడో నాకు తెలుసు. కుర్చీ వేసినవాళ్ళ దగ్గర కుర్చీకి తగ్గట్టు మాట్లాడాలి కదా. మెట్లు దిగుతుంటే అనూరాధ వెనకే వచ్చి నా మోచెయ్యి పట్టుకుని "నాన్నగారికి నేను చెప్తాలే" అంది. మంచి మనిషే. రోజులు గడిచాయి, చెప్పలేదు. నేను చూసేందుకు ఇంకో ముగ్గురు పిల్లలుంటే వీరుకి మిగిలేది ఎంత అని ఆమె మాత్రం అనుకోదా? నేనే ఆమెనైతే నేనూ అనుకునేదాన్నేమో.

నర్గీస్‌కి గేటు దగ్గరే చెప్పాను. "పోన్లే అక్కా, నువ్వేటి సేత్తావ్" అని షాహీనా టోపీ సర్దుకుంటూ వెళ్ళిపోయింది. తర్వాత ఒకసారి కిరాణా కొట్టు దగ్గర కనపడితే గుర్తుపట్టలేకపోయాను. పొద్దున్నే జడ బిగించి, డబ్బా సంచి పట్టుకుని ఆటో కోసం పరిగెత్తే నర్గీస్, మధ్యాహ్నం జుట్టు ముడేసుకుని, నైటీ మీద చున్నీ కప్పుకుని, పిల్లని ఊపుతూ నిలబడి ఉంది. "నా బల్ల దగ్గర ఏరే అమ్మాయిని కూకోబెట్టారక్కా. సేతులు ఊరికే ఉంటే నిద్ర పట్టట్లేదు" అంది. చెబుతూ చెబుతూ కుడిచేతి వేళ్ళతో చున్నీ అంచుని చూపుడువేలి చుట్టూ గట్టిగా చుడుతోంది, విప్పుతోంది, మళ్ళీ చుడుతోంది.

ఇంటికొచ్చి ఏడ్చాను. నర్గీస్ కోసం ఎంత ఏడ్చానో, చీరల సెక్షన్లో వదిలేసి వచ్చిన నాకోసం ఎంత ఏడ్చానో విడదీసి చెప్పలేను. ఉయ్యాల్లో వీరు నిద్రపోతున్నాడు. పైకి చూస్తే ఆ కొక్కెం. నా ఇంట్లో, నా నెత్తిమీద, నన్నడక్కుండా దిగిన కొక్కెం. ఈ ఇంట్లో ఉయ్యాల ఊగొచ్చు, జీతం రాకూడదు. పిల్లల్ని చూడొచ్చు, చూస్తున్నానని అనకూడదు. ఇన్నాళ్ళూ నేను పర్మిషన్ లేదని బాధపడుతున్నాను. లేదంటే ఎవరి పిల్లలకైనా లేనట్టే ఉండాలి కదా అని అప్పుడు తోచింది.

వీరు లేచాక ఉయ్యాల విప్పాను. చీర ఉతికి డాబా మీద ఆరేసి, ఆరాక మీద పడ్డ నల్ల దుమ్ము దులిపి మడతపెట్టాను. వాడి పాలసీసా, రబ్బరు ఏనుగు, నా దగ్గరుండిపోయిన చిన్న చొక్కాలు అన్నీ ఒక సంచిలో సర్దాను. సాయంత్రం అనూరాధకి వీరునీ సంచినీ ఇచ్చి "రేపట్నుంచి చూడలేనక్కా" అన్నాను. ఒంట్లో బాగోలేదేమో అనుకుంది. "రెస్ట్ తీసుకో, రేపు మాట్లాడదాం" అని వెళ్ళింది.

మా ఆయన కొక్కెం వంక చూశాడు, నా వంక చూశాడు. "ఏటే ఇది? ఇల్లు కాళీ సెయ్యమంటే?"

"సేద్దాం మావా. ఈసారి ఇల్లు నాను ఎతుకుతాను. అడ్వాన్సు ఇయ్యకముందే అడుగుతాను, పిల్లల్ని పెట్టుకోనిత్తారా అని. నువ్వు రానక్కర్లేదు."

అతను లేచి కాళ్ళు కడుక్కోడానికి వెళ్ళాడు. కోపమో, సిగ్గో, నాకు తెలీదు. అన్నం మాత్రం తనే పెట్టుకుని తిన్నాడు.

పొద్దున్న అనూరాధ తలుపు కొట్టింది. భుజాన బ్యాంకు బ్యాగు, చంకలో వీరు. నన్ను చూడగానే వాడు రెండు చేతులూ చాచి, నా మీదికి ఉరకబోయి, "ఈసూ" అన్నాడు.

"ఇంట్లో పిల్లల్ని చూడ్డానికి పర్మిషన్ లేదు కదక్కా. అంకుల్ చెప్పారు."

"అది బయటి పిల్లల గురించి కదా, ఈశ్వరీ." ఆమె మొహం వాడిపోయింది. "వీడూ వాళ్ళూ ఒకటేనా?"

"పిల్లలే కదక్కా."

ఆమె టైము చూసుకుంది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. "నాకు లేటైపోతోంది. ఇవాళ ఆడిటింగు. మరి వీణ్ని ఎవరు చూస్తారు?"

ఆ ప్రశ్న నాకు బాగా తెలుసు. నాకు జాలేసింది. ఇంతమంది ఉన్న ఇంట్లో అది మళ్ళీ ఒక ఆడదాని నోట్లోంచి, ఇంకో ఆడదాని దగ్గరికే వచ్చింది. వీరుకి ఏం తెలుసు, చాచిన చేతులు చాచినట్టే ఉన్నాయి. నా చేతులు వాటంతటవే లేచాయి. కొంగులో చుట్టి గట్టిగా పట్టుకున్నాను, లేకపోతే ఎత్తేసుకునేదాన్ని. పైన బాల్కనీలో పేపరు తిప్పిన చప్పుడైంది.

"అంకుల్ని అడగండక్కా" అన్నాను. "ఆయన ఖాళీయే కదా."