నాన్న రైఫిల్‌కు పట్టిన సీసం

మా ఆయన లైల్ ఆ పొద్దున్న నాన్న రైఫిల్‌ను వంటింటి బల్ల మీద పెట్టుకుని, మొహం వేలాడేసుకుని కూర్చున్నాడు. గొట్టంలోంచి తోసి తీసిన గుడ్డముక్క మీద సీసం పొరలు తళతళలాడుతున్నాయి. చూడగానే నాకు చిర్రెత్తుకొచ్చింది.

"మళ్ళీనా?" అన్నాను.

"మళ్ళీనే, ఆర్డిస్. మొదటి నాలుగైదు గుళ్ళు బాగానే తగులుతున్నాయి. ఆ తర్వాత గురిపెట్టిన ఇనప పలక ఒక మూల, నా గుండు ఇంకో మూల."

మా మోంటానాలో సీసం కరిగించి అచ్చుపోసుకుని, తూటాలు ఇంట్లోనే తయారుచేసుకునే పిచ్చి చాలామందికి ఉంది. నాన్నకు మరీ ఉండేది. బతికున్నన్నాళ్ళూ ఆ పాత రైఫిల్ మీద అల్లుణ్ణి చెయ్యి వెయ్యనివ్వలేదు. పోయే ముందు మాత్రం ఆసుపత్రి మంచం మీద లైల్ చెయ్యి పట్టుకుని, "అది నువ్వే ఉంచుకో. పాడుచెయ్యకు" అన్నాడు. నాన్న చేతిలో ఒక్కనాడూ సీసం పట్టని గొట్టం, ఈయన తూటాలు పెట్టడం మొదలెట్టగానే మూసుకుపోతోంది. పాడుచేశానని ఈయన నమ్మేశాడు. సరిగ్గా తినడం లేదు, కాల్పుల మైదానంలో స్నేహితుల దగ్గరికి కాఫీకి కూడా పోవడం లేదు.

ఆయన చెయ్యని ప్రయత్నం లేదు. సీసంలో తగరం కలిపి గట్టిపరిచాడు. గుళ్ళకు పూసే మైనం మార్చాడు. తూటాలో పోసే మందు తగ్గించాడు. గుండు గొట్టం కన్నా వెంట్రుకవాసి లావుగా ఉండాలి. సన్నగా ఉంటే మందు మంట పక్కసందులోంచి దూసుకుపోయి సీసాన్ని కరిగించి గొట్టానికి అంటిస్తుంది. అది కూడా మైక్రోమీటర్‌తో కొలిచాడు, ప్రతి గుండూ సరిగ్గానే ఉంది. చివరికి తుపాకులు బాగుచేసే హాల్వర్ లోపల దీపం వేసి చూసి పెదవి విరిచాడు.

"గుండును తిప్పే గాడులు అరిగిపోయాయి లైల్. లోపలంతా తొలిచేసి కొత్త గొట్టం దూర్చాల్సిందే. శనివారం పోటీకి వస్తాగా, పట్టుకుపోతాను."

అంటే నాన్న గొట్టం ఇక ఉండదు. లైల్ తల ఊపాడు.

శుక్రవారం లైల్, ఆ గొట్టంతో చివరిసారి కాలుద్దామని గ్యారేజీలో తూటాలు నింపుతుండగా వాళ్ళ అక్క ఫోన్ చేసింది. ఆవిడ ఫోన్ పట్టుకుంటే అంత తేలిగ్గా వదలదు. తిరిగొచ్చి చూస్తే ఏ ఇత్తడి గుల్లలో మందు పోశాడో, దేంట్లో రెండుసార్లు పోశాడో ఈయనకు గుర్తులేదు.

"గుళ్ళు బిగించేశావా?"

"బిగించేశాను."

"ఓరి దేవుడా! అన్నీ విప్పు. నీ మొహానికి దగ్గరగా పేలే వస్తువయ్యా అది!"

తూటాను సుత్తి ఆకారంలో ఉండే ప్లాస్టిక్ డబ్బాలో బిగించి నేలకేసి కొడితే గుండు ఊడి డబ్బాలో పడుతుంది. విసుగంతా తీరేలా నేనే ఠపాఠపా కొట్టాను. ఊడిన మొదటి గుండును వేళ్ళ మధ్య తిప్పితే అడుగుభాగం ఎందుకో నున్నగా, నొక్కినట్టు అనిపించింది. మైక్రోమీటర్ తీసుకుని కొలిచాను. నమ్మలేక ఇంకోటి కొలిచాను.

"లైల్, ఇలా రా. నువ్వు పెట్టేటప్పుడు లావుగా ఉన్న గుండు, తీసేటప్పటికి సన్నబడింది."

"నువ్వు సరిగ్గా పట్టుకోలేదు. ఇటివ్వు."

లాక్కుని కొలిచాడు. ఇంకోటి కొలిచాడు. అన్నీ కొలిచాడు. తర్వాత అక్కడే, సీసం బకెట్ మీద కూలబడ్డాడు.

"మూతి," అన్నాడు. "ఇత్తడి గుల్ల మూతి బిగుతుగా ఉంది. మెత్తటి సీసాన్ని అదే నొక్కేస్తోంది. తూటాలు నింపడానికి నేను కొన్న కొత్త సామాను రాగి తొడుగు గుళ్ళకోసం చేసింది ఆర్డిస్! గుల్ల మూతిలోకి దిగి దాన్ని తెరిచే మొల సన్నం, చాలినంత వెడల్పు చెయ్యదు. మీ నాన్న పనిముట్లు తుప్పుపట్టాయని, ఆయన రైఫిల్‌కి మంచివే ఉండాలని కొన్నాను."

"మంచివి కొని చంపావు గదయ్యా నన్ను!" అన్నాను. అన్నానే గానీ నవ్వాగలేదు. ఆయనా నవ్వాడు, నాన్న పోయిన చలికాలం తర్వాత అదే మొదటిసారి.

లేత్ యంత్రం మీద కాస్త లావు మొల చేసుకుని, దాంతో తూటాలు మళ్ళీ నింపాడు. గొట్టంలో పేరుకున్న సీసాన్ని గిన్నెలు తోమే రాగిపీచుతో గీకి గీకి వదిలించాం. పొద్దువాలే లోపు పశువుల మేత కొండకు వెళ్ళి, ఓపిక ఉన్నంతసేపు కాల్చాడు. ఆపి, గుడ్డముక్క గొట్టంలోంచి తోశాడు. గుడ్డ మీద నల్లటి మసి తప్ప ఒక్క మెరుపు లేదు. ఇంకో గుడ్డ తోశాడు. అదీ అంతే. అమ్మయ్య అని గడ్డిలో చతికిలబడిపోయాను. గుండెల మీదనుంచి బండరాయి దింపినట్టయింది.

శనివారం మైదానంలో హాల్వర్ ఖాళీ పెట్టె తెచ్చి, రైఫిల్ కోసం చెయ్యి చాపాడు.

"ఏదీ, ఇలా తే. సోమవారం మొదలెడతాను."

"అక్కర్లేదు హాల్వర్. బాగైపోయింది."

"ఎలాగ? దీపం వేసి చూశాగా!"

"నువ్వు చూసింది సీసం. దాని కింద గొట్టం చెక్కుచెదరలేదు. కావాలంటే మళ్ళీ చూడు."

హాల్వర్ ఒక కన్ను మూసి చాలాసేపు చూశాడు. "ఓర్నీ! గాడులు నిన్న కోసినట్టున్నాయి," అని గట్టిగా నవ్వేశాడు. "మంచిదే. ముసలాయన తుపాకీ తొలిచే పాపం నాకు తప్పింది."

అంతలో పేర్లు పిలిచేవాడు కాల్పుల వరుస దగ్గరికి వచ్చి, "ఎవరిదా రైఫిల్?" అని కేకేశాడు.

లైల్ ఎప్పుడూ "మా మావగారిది" అనేవాడు. ఈసారి దాన్ని భుజానికెత్తుకుని, "నాది," అని అరిచాడు. నాకు కళ్ళు చెమర్చాయి.