ఎనభై ఆరు అంగుళాల గుమ్మడికాయ

ఆ ఉమ్మడి ఇంట్లో చిన్నకోడలిది దర్జీ పని. తనదని చెప్పుకోడానికి ఆవిడకు మిగిలింది వెనకాల పెరడొక్కటే, ఐదు గజాల పొడవు, మూడు గజాల వెడల్పు. దాని మీదా బావగారి కన్ను పడింది. కొత్తగా కొన్న చిన్నకారు వీధిలో ఎండకు పాడైపోతోందట, పెరటి గోడకు గేటు పెట్టించి లోపల సిమెంటు పోయిస్తాడట. భర్త నోరెత్తలేదు. ఆవిడ ఎత్తింది.

మాటామాటా పెరిగి పందెం దాకా వచ్చింది. ఆ పెరట్లో వంద కిలోల గుమ్మడికాయ కాయించి, పంటల ప్రదర్శనలో తూకం వేయించి చూపిస్తే పెరడు ఆవిడది. లేదంటే కారుది. ఈ జానెడు చోటులో వంద కిలోలా అని బావగారు పడీ పడీ నవ్వాడు. నవ్వుకోనీ అనుకుంది ఆవిడ.

ఒకే ఒక్క గింజ పెట్టింది. సాగడానికి చోటు లేని తీగను పెరడంతా చుట్టలు చుట్టించింది. కణుపు కణుపుకీ మట్టి కప్పి కొత్త వేళ్లు పట్టించింది. పొద్దున్నే మగపువ్వు కోసి ఆడపువ్వుకు తనే అద్దింది. ఒక్క పిందెను ఉంచి మిగతావన్నీ గిల్లేసింది. గిల్లిన రోజు ఆవిడకు ముద్ద దిగలేదు. ఇక రోజూ టేపు పట్టుకెళ్లి, గిరాకీకి తీసినట్టే దాని నడుం కొలత తీసేది. టేపు చాలకపోతే ఇంకో టేపు కలిపి కుట్టింది. చివరికి ఎనభై ఆరు అంగుళాలు వచ్చింది.

ఏం లాభం, అన్నీ కొలిచిన మనిషి పెరటి తలుపు కొలవడం మరిచిపోయింది. తలుపు వెడల్పు రెండడుగులు. కాయను ఎటు తిప్పినా మూడంగుళాలు ఎక్కువే. ఆ సంగతి ప్రదర్శన రోజు పొద్దున బయటపడింది. బావగారి ఆనందానికి పట్టపగ్గాల్లేవు.

ఆవిడ ఏడుస్తూ కూర్చునే రకమా? తాపీమేస్త్రిని పిలిపించి పెరటి గోడ కొట్టెయ్యమంది. ఉమ్మడి గోడ మీద చెయ్యి వేస్తే ఊరుకోనని బావగారు అడ్డం నిలబడ్డాడు. వీధిలో నలుగురూ పోగయ్యేసరికి కాస్త తగ్గి, సాయంత్రంలోగా గోడ మళ్లీ ఎప్పట్లా లేవాలని షరతు పెట్టాడు. ఆవిడ సరేనంది.

గోడ పడిన సందులోంచి ట్రాలీ ఆటో వెనక్కి నడుచుకుంటూ పెరట్లోకి వచ్చింది. ఆరుగురు కలిసి కాయను దుప్పట్లో ఎత్తి పెట్టారు. ప్రదర్శనలో అది నూట పదకొండు కిలోలు తూగింది. నమ్మకం కుదరక ఆవిడ రెండోసారి కూడా తూకం వేయించుకుంది.

తిరిగొచ్చి చూస్తే పెరట్లో కారు. ఆవిడ మట్టి మీద, ఆవిడ తీగ మీద. కారు లోపలుంటే గోడ ఎవరు మూస్తారులే అని బావగారి ధీమా. తూకం చీటీ చేతికిస్తే ఒకసారి చూసి, మడిచి తిరిగి ఇచ్చేశాడు.

"పందేలదేముందమ్మా, సరదాకి అనుకున్నాం," అన్నాడు.

నలిగిన తీగ చూసేసరికి ఆవిడకు ఒళ్లు మండిపోయింది. మేస్త్రి వైపు తిరిగి పని మొదలుపెట్టమంది.

మొదటి వరస లేచినప్పుడు బావగారు చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. రెండో వరసకు బెదిరింపులే అనుకున్నాడు. గోడ మోకాళ్ల దాకా వచ్చేసరికి తాళాలు పట్టుకుని పరిగెత్తుకొచ్చి, నా కారు సంగతేమిటని అడిగాడు.

"సాయంత్రంలోగా మూసెయ్యమన్నది మీరే కదా బావగారూ," అంది ఆవిడ, మేస్త్రికి ఇటుక అందిస్తూ. "మళ్లీ గింజ పెట్టడానికి ఇంకా మూణ్ణెల్లుంది. ఈలోగా ఎలా తీసుకెళ్తారో తీసుకెళ్లండి."