ఆయన ఫోనులో మోగే గంట

సబ్బుల షాపులో ఫోనును మెషీన్‌కి ఆనించగానే పచ్చలైటు వెలిగింది. "చూశావా అమ్మా, అంతే!" అంటూ ఆమె గంతేసినంత పని చేసింది. బస్సెక్కి కూతుర్ని చూడవచ్చిన అమ్మ కళ్ళు ఇంతింత చేసుకుని, "అదేంటే, ముద్దు పెట్టించినట్టు ఆనించావు, డబ్బులు వెళ్ళిపోయాయా?" అంది. కౌంటర్లో అమ్మాయి కిసుక్కున నవ్వింది.

మొదట్లో ఆమెకీ అది ముద్దులాగే ఉండేది. పెళ్ళయిన వారానికే ఆయన తన కార్డును ఆమె ఫోనులో ఎక్కించి, "ఇక నీకు పర్సు బరువెందుకోయ్ మహారాణీ" అన్నాడు. ఆ ముచ్చటకి ఉబ్బితబ్బిబ్బై, కాలేజీ రోజుల నుంచీ భుజాన వేలాడిన పర్సును బీరువా అడుక్కి తోసేసింది. అక్కడితో ఆగిందా? ఎవరూ అడక్కుండానే, ఇద్దరం వేరా ఏమిటి అనుకుంటూ, జీతం ఆయన ఖాతాలో పడేలా ఆఫీసులో ఫారం నింపి ఇచ్చింది. ఆయన ఖాతా నంబరును గుండ్రంగా రాసి, సంతకం కింద ఓ చిన్న పువ్వు కూడా గీసింది.

ఆమె ఏ షాపులో ఫోను ఆనించినా ఆయన ఫోనులో టింగుమంటుంది. ఎక్కడ, ఎంత, అన్నీ చెబుతుంది. అదీ ముద్దే అప్పట్లో. పక్కన లేకపోయినా ఆయన తన చిటికెన వేలు పట్టుకుని నడుస్తున్నట్టుండేది. నిమిషంలో ఫోను చేసేవాడు. "ఏం కొన్నావు?" "జడ క్లిప్పులు, రెండు." "ఉన్నది ఒక్క జడేగా!" ఇద్దరూ పడీపడీ నవ్వుకునేవారు. ఆ నవ్వులోకి లెక్క ఎప్పుడు దూరిందో ఆమె గమనించలేదు. "మళ్ళీ కాఫీయా? ఇంట్లో పొడి అయిపోయిందా?" "ఆఫీసులో ఎవరి పుట్టినరోజైతే మనకేంటోయ్, మనదేమైనా ధర్మసత్రమా?" ఒకరోజు ఆడపడుచు వాళ్ళు భోజనానికి వస్తే, ఆమె ఆ వారం కొన్నవన్నీ వార్తలు చదివినట్టు అందరి ముందూ చదివాడు. అత్తయ్య నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంటూ, "మేం అడిగి కొనుక్కునేవాళ్ళం. నీకా బాధ కూడా లేదు, అదృష్టవంతురాలివి" అంది. గరిటె పట్టుకుని వడ్డిస్తున్న ఆమె కూడా నవ్వింది. పొద్దుటి నుంచీ ఆమె చేసిన వంట గానీ, ఆ తర్వాత ఒక్కతే కడిగిన గిన్నెలు గానీ ఆ వార్తల్లోకి ఎక్కలేదు. వాటికి ఏ ఫోనులోనూ టింగ్ మోగదు కదా. అప్పటి నుంచీ ఏ వస్తువు చేతిలోకి తీసుకున్నా, ఫోను ఆనించకముందే ఆ చప్పుడు ఆమె చెవిలో మోగేది. ఇంటికి కావాల్సినవైతే పర్వాలేదు. మిగతావి మెల్లగా అరలోనే పెట్టేసేది.

సబ్బుల సంచీతో నాలుగడుగులు వేశారో లేదో అమ్మ చెప్పు పట్టీ తెగింది. అమ్మ వంగి పిన్నీసు వెతుక్కుంటోంది. ఎదురుగానే చెప్పుల షాపు. ఆమె అమ్మ చేయి పట్టుకుని లోపలికి లాక్కెళ్ళింది. గోధుమరంగు జత ఒకటి అమ్మ పాదాలకి అతికినట్టు సరిపోయింది. అద్దం ముందు అటు రెండడుగులు, ఇటు రెండడుగులు వేసి, "మెత్తగా ఉన్నాయే" అంది అమ్మ సిగ్గుపడుతూ.

"ఫోను పెట్టండమ్మా" అని షాపాయన మెషీన్ ముందుకు జరిపాడు.

ఆమె చేయి గాల్లోనే ఆగిపోయింది. రాత్రి భోజనాల దగ్గర ఆయన అనబోయే మాట ఇప్పుడే చెవిలో వినిపించింది. "ఏంటోయ్, మీ అమ్మగారికి చెప్పులు కూడా మనమేనా?" నవ్వుతూనే అంటాడు. అత్తయ్యా నవ్వుతుంది. అమ్మ మీద ఆ నవ్వు పడటం ఆమె ఊహలో కూడా భరించలేకపోయింది.

"అయ్యో, ఫోను పనిచేయట్లేదమ్మా" అంది.

పది నిమిషాల క్రితం వెలిగిన పచ్చలైటు అమ్మ కళ్ళలో ఇంకా ఉంది. ఒక్క క్షణం కూతురి ముఖంలోకి చూసింది. "ఛార్జింగ్ అయిపోయుంటుందిలే, పాపం" అని తనే అబద్ధాన్ని పూర్తిచేసి, చెప్పులు విప్పి జతగా పక్కన పెట్టింది. అమ్మ సంచిలో తిరుగు బస్సుకే డబ్బులున్నాయి. తెగిన పట్టీకి పిన్నీసు గుచ్చుకుని, కాలు ఈడుస్తూ బస్సెక్కింది. కిటికీలోంచి చేయి ఊపుతూ నవ్వింది కూడా.

ఆ రాత్రి ఆయన అన్నం కలుపుకుంటూ అన్నాడు. "ఇవాళ ఒక్క టింగే మోగింది. అదీ సబ్బులకి. మా మహారాణికి బుద్ధొచ్చిందమ్మా!"

ఆ మెచ్చుకోలుకి ఆమె కంచంలో సగం అన్నం వదిలేసి లేచి చేయి కడుక్కుంది.

మర్నాడు ఆఫీసులో జీతాలు చూసే అక్క దగ్గరికెళ్ళి ఫారం అడిగింది. అక్క పాత కాగితం బయటికి తీసింది. సంతకం కింద పువ్వు అలాగే ఉంది.

"ఆర్నెల్లు కాలేదు, అప్పుడే గొడవా?"

"గొడవేం లేదక్కా. చెప్పులు కొనాలి."

కొత్త కాగితం మీద, కాలేజీలో తెరిచిన తన సొంత ఖాతా నంబరు ఒక్కో అంకే రాసింది. సంతకం కింద ఏమీ గీయలేదు. మెట్ల మీద నిలబడి అమ్మకి ఫోను చేసింది.

"అమ్మా, నీ చెప్పుల సైజెంత?"

"ఎవరికి తెలుసే? కాలు పెట్టి చూసుకోవడమే. నీకెందుకిప్పుడు, పిన్నీసు గట్టిగానే ఉంది."

"ఒకటో తారీఖు వెళ్ళగానే రా. కాలు పెట్టి చూద్దువుగాని." ఫోను రెండో చెవికి మార్చుకుంది. "అమ్మా, నిన్న ఫోను బాగానే ఉంది."



"తెలుసే" అంది అమ్మ.