గోడెక్కిన నరసింహుడు

సిగ్గుపడుతూనే చెప్పుకుంటున్నాను, నేను ఒక గోడ టైలును. జానెడు పొడవు, జానెడు వెడల్పు. నాతో ఒకే బట్టీలో కాలినవి కొన్ని వంటిళ్ళకు పోయాయి, కొన్ని స్నానాల గదులకు పోయాయి. నా మీద మాత్రం నరసింహస్వామి బొమ్మ అచ్చువేశారు. తాను లేని చోటంటూ లేదని చూపడానికి స్తంభం చీల్చుకుని వచ్చిన స్వామి. అంతటివాణ్ణి మోస్తున్నానని నేను కొంచెం మిడిసిపడ్డ మాట నిజం.

రాయలసీమలో ఒక చిన్న ఊరి బస్టాండు. దాని పక్క సందులో ఓబులమ్మ దోశల బండి. పొద్దున సాదా దోశ, సాయంత్రం ఎగ్ దోశ. మొగుడు పోయాక ఆమె ఇల్లు గడుస్తున్నది ఆ పెనం మీదే. బండి వెనక పొడుగాటి గోడ ఉంది. బస్సు దిగిన మగవాళ్ళకు ఆ గోడ కనబడగానే ఒంటికి పోవాలనిపించేది.

"ఏమప్పా, ఈడ తినే తావు కదా, రోంత అవతలికి పోకూడదా?" అని ఓబులమ్మ చేతులు జోడించేది. మొదట బతిమాలింది, తర్వాత తిట్టిపోసింది. వాళ్ళు తాపీగా పని ముగించుకుని, ప్యాంటు సర్దుకుంటూ ఆమె దగ్గరికే వచ్చి దోశ అడిగేవాళ్ళు. వాసనకు మిగతా బేరాలు పడిపోయాయి.

ఎవరో చెబితే నన్ను కొని, మేస్త్రీ చేత ఆ గోడకు అతికించింది. ఆ రోజు నుంచి సందు పొడిగా ఉంది. గోడదాకా వచ్చినవాడు నన్ను చూసి నాలుక కరుచుకున్నాడు, లెంపలేసుకున్నాడు, చెప్పులు విడిచి దణ్ణం పెట్టుకుని మరీ వెనక్కి పోయాడు. ఓబులమ్మ సంబరపడింది. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. ప్రాణమున్న మనిషి ఎదురుగా నిలబడి చేతులు జోడిస్తే రాని సిగ్గు వాళ్ళకు నా రంగుబొమ్మను చూస్తే వచ్చిందా? అంతటా ఉన్నవాడు ఆమెలో లేడా? అడుగుదామంటే నాకు నోరు లేదు.

భక్తి అక్కడితో ఆగినా బాగుండేది. ఒకరు నాకు పసుపు కుంకుమలు పూశారు. ఇంకొకరు కింద అరుగు కట్టించారు. శనివారాలు టెంకాయలు మొదలయ్యాయి. ఎదురు లాడ్జి మేనేజరు మద్దిలేటి ఒక కమిటీ వేసి, రేకుల పందిరి లేపి, హుండీ పెట్టించాడు. పందిరి లేపిన సాయంత్రం కమిటీ మొత్తం కడుపునిండా తిన్నది ఓబులమ్మ ఎగ్ దోశలే. వారం తిరక్కుండా మద్దిలేటి బండి దగ్గరికి వచ్చాడు.

"గుడి ముందర కోడిగుడ్లు పగలగొడ్తావా? తీసేయ్ బండి."

"సామిని తెచ్చిందే నేను గదన్నా!"

"తెస్తే తెచ్చినావులే. ఇప్పుడు సామి ఊరందరోడు."

"గుడ్లు మానుకుంటాన్నా. వట్టి దోశలే పోసుకుంటా."

"ఇన్నేండ్ల మైల యాడికి పోతాది?"

నాకు పూసిన కుంకుమే అతని నొసట ఉంది. ఈసారైనా స్వామి నన్ను చీల్చుకుని బయటికి వస్తాడేమోనని ఎదురుచూశాను. రాలేదు. ఓబులమ్మ బండి తోసుకుంటూ గోడౌన్ల వైపు పోతుంటే సిమెంటులో అతుక్కుని చూస్తూ ఉండిపోయాను. ఆమె బతుకు నిలబెట్టమని తెచ్చుకుంటే, ఆమెనే వెళ్ళగొట్టిన వస్తువును నేను. అంతకంటే సిగ్గుచేటు ఉండదనుకున్నాను.

మరుసటి ఏడు పాలరాతి విగ్రహం వచ్చింది. నన్ను ఉలితో పెకలించారు, ఒక మూల విరిగింది. విరిగిన బొమ్మను పూజించకూడదు, చెత్తలో పారేయాలంటే భయం. అందుకని గుడి వెనక గోడకు ఆనించి వదిలేశారు. బస్సు దిగినవాళ్ళు ఆ గోడ దగ్గరికీ వచ్చారు. మొదటివాడు నన్ను చూసి ఉలిక్కిపడి దణ్ణం పెట్టుకున్నాడు. తర్వాత వంగి, నన్ను మెల్లగా గోడవైపు తిప్పి పెట్టి, పని కానిచ్చుకున్నాడు.

అక్కడి నుంచి నన్ను తీసింది మళ్ళీ ఓబులమ్మే. నీళ్ళ బిందెతో ఆ దారిన పోతూ ఆగి, తిప్పి చూసి గుర్తుపట్టింది. బిందెలో నీళ్ళన్నీ పోసి కడిగి, కొంగుతో తుడిచి, కొత్త చోటికి తీసుకుపోయింది. అక్కడా బండి వెనక గోడ ఉంది. అదీ తడిసే ఉంది. అతికిస్తుందనుకున్నాను. ఆమె నన్ను చేతిలో పట్టుకుని చాలాసేపు గోడను చూసింది.

"వద్దులే సామీ. మళ్లా గోడెక్కితే గుడి కడ్తారు. నేనింక యాడికి పోదును?"

బండి కింది అరలో, పిండిగిన్నె వెనక, ఎవరి కంటా పడకుండా నన్ను దాచింది. ఇప్పుడు నేనుండేది అక్కడే. బయట గోడ దగ్గర ఎవడో నిలబడ్డట్టున్నాడు, చప్పుడు వినబడుతోంది.

"ఏమప్పా, ఈడ తినే తావు కదా..." అంటోంది ఓబులమ్మ.

చప్పుడు ఆగలేదు.