ఒక్క విసురు

సత్యకుమారి టీచరుగారి కుడిచెయ్యి రెండేళ్లుగా ఆవిడ మాట వినడం మానేసింది. వణుకుజబ్బు అన్నారు డాక్టర్లు. తగ్గేది కాదు, పెరిగేదేనని కూడా చెప్పారు. మాత్ర వేసుకుంటే కాసేపు చెయ్యి కుదురుగా ఉండేది. ఆ కాసేపటి కోసమే ఆవిడ రాజమండ్రిలో అబ్బులుగారి ప్రెస్సుకి రోజూ వచ్చేది.

ఊళ్లో ప్రెస్సులన్నీ కంప్యూటర్లకి మారిపోయినా, అబ్బులుగారు తండ్రి నాటి అచ్చురాళ్లని పారెయ్యలేదు. రాతి మీద జిడ్డుసిరాతో ఏది గీస్తే అదే కాగితం మీద పడుతుంది. పన్నెండు ప్రతులు తీసి రాయి అరగదీసెయ్యాలని టీచరుగారి ఉద్దేశం. పువ్వులూ మొహాలూ వేసే మనిషి కాదావిడ. మొగల్తూరులో వాళ్ల నాన్న వల విసిరినప్పుడు చెయ్యి తిరిగిన తీరుందే, అదొక్కటే కావాలావిడకి. కుంచె ఒక్కసారి విసరాలి. దిద్దడాలు లేవు.

నెలల తరబడి విసరడం, నచ్చక రాయి అరగదీయించడం. ఎవరి పిచ్చి వారికి ఆనందం అనుకుని అబ్బులుగారు విసుక్కోకుండా అరగదీసేవారు.

ఒకనాడు పడింది. భుజంలోంచి వచ్చిన నల్లటి గీత రాయంతా చుట్టి, చివర చీలికలై, వల మీంచి రాలిన నీళ్లలా చుట్టూ చుక్కలు చిమ్మింది. ఆవిడకి కళ్లనీళ్లు ఆగలేదు. ఇంక చెయ్యి పోతే పోనీ అనుకుంది. మిగతా పని తాను చూసుకుంటానని అబ్బులుగారు ఆవిణ్ణి ఇంటికి పంపేశారు. చుక్కల సంగతి ఆవిడ చెప్పలేదు. చెప్పాల్సి ఉంటుందని తట్టనే లేదు.

మర్నాడు మొదటి ప్రతి చేతిలో పెట్టారు. గీత ఉంది. చీలికలు లేవు. ఒక్క చుక్కా లేదు.

"శుభ్రం చేసేశానండి టీచరుగారూ," అన్నారు అబ్బులుగారు, పట్టేసిన మెడ రుద్దుకుంటూ. "ఒక్కో చుక్కా గీకానండి. మండపేట మిల్లులకి లేబుళ్లేసే రోజుల్లో ఇంత మరక పడితే కట్టంతా వెనక్కొచ్చేసేదండి."

అది ఆయనకి జీవితమంతా అన్నం పెట్టిన అలవాటు. పైగా ప్రేమతో చేశారు. తిట్టడానికి కూడా మనిషి దొరకని నష్టం పగవాడికి కూడా వద్దు.

ఆవిడ కుంచె అందుకుంది. మాత్ర వేసుకునే వచ్చింది గాని చెయ్యి నిలవలేదు. కుంచె సిరాగిన్నె అంచుకి టకటకా కొట్టుకుంటూనే ఉంది. ఆ చప్పుడుకి అబ్బులుగారి మొహం పాలిపోయింది.

"అవి ఉండాలాండి?" అని మెల్లగా అడిగారు.

ఆవిడ తలూపింది.

"అయ్యయ్యో. మళ్లీ నేనేసేస్తానండి. ఎక్కడెక్కడో చూపించండి, చాలు."

సిరా పట్టేలా రాయిని మళ్లీ కడిగి ఆరబెట్టుకుని, కళ్లజోడు సర్దుకుని, అన్నిటికంటే సన్నటి కుంచెతో కూర్చున్నారు. ఒక చుక్క పెట్టారు, గుండ్రంగా, పొందిగ్గా. తలెత్తి చూశారు. బాగుందండి అందావిడ. ఇంకోటి పెట్టారు. పెళ్లికూతురికి కల్యాణతిలకం దిద్దినంత శ్రద్ధగా పెడుతున్నారు. తన చెయ్యి ఇక ఎప్పటికీ ఆ రాతి మీదికి రాదని ఆవిడకి తెలిసిపోయింది. అబ్బులుగారు తలెత్తినప్పుడల్లా మాత్రం బాగుందనే అంది.