పడవకు పడిన నంబరు

నేను ఒక రేకు అచ్చును. బజారులో డబ్బాలకు మాట్లు వేసే సత్తార్ సాయిబు నూనె డబ్బా రేకు మీద అంకెలు కత్తిరించి నన్ను తయారుచేశాడు. నన్ను గోడకు ఆనించి కుంచెతో రంగు అద్దితే ఇంటి నంబరు పడుతుంది. జనాభా లెక్కలు వచ్చినప్పుడే నన్ను పంచాయతీ బీరువాలోంచి తీసేవారు. ముప్పయ్యేళ్ళుగా ఉంటున్న ఇంటిని కూడా మనుషులు నా అంకె పడ్డాక ఒకసారి కొత్తగా చూసుకుంటారు.

మా ముత్యాలరేవు గోదావరి ఒడ్డున ఉంది. నదికి ఇటు ఒక జిల్లా, అటు ఇంకొకటి. ఆ యేడు లెక్కలు రాసే పని బడి టీచరు సుభాషిణికి పడింది. ఊరంతా తిరిగి చివరికి రేవులోకి దిగాం. అక్కడ ఒక నాటుపడవ, దాని మీద తడికల గూడు, అందులోనే కాపురం. చేపలు పట్టే ఏడుకొండలు, భార్య నూకాలు, ఆమె అత్త, ముగ్గురు పిల్లలు. కిందటిసారి ఇటువాళ్ళు వీళ్ళది అటు జిల్లా అన్నారట, అటువాళ్ళు ఇటు జిల్లా అన్నారట. దాంతో ఎవరి కాగితాల్లోనూ లేకుండాపోయారు. రేషను కార్డుకు వెళితే ఇంటి నంబరు అడిగి పంపేశారని నూకాలు చెప్పింది.

పడవకూ నంబరు వేస్తానని టీచరు అంటే పంచాయతీ సెక్రటరీ ఒప్పుకోలేదు. గోడా గుమ్మం ఉంటేనే నంబరన్నాడు. రేపు పడవ అటు ఒడ్డుకు పోతే ఎవరిని అడగాలన్నాడు. టీచరు అతన్ని వెంటబెట్టుకుని ప్రెసిడెంటు వీరవేణి ఇంటికి వెళ్ళింది. ఆవిడ చిక్కుడుకాయలు ఒలుస్తూ అంతా విని, సెక్రటరీ వైపు తిరిగింది.

“ఏడుకొండలు నాన్న పోతే ఎక్కడ పెట్టారండీ?”

“మన వల్లకాట్లోనేనండి.”

“పోయినాయన మనోడైనప్పుడు, ఉన్నోళ్ళు ఇంకెవరోళ్ళవుతారండీ?”

సెక్రటరీ టీచరు చేతిలోని లెక్కల కాగితం తీసుకుని సంతకం పెట్టాడు.

తారు పూసిన పడవ మీద నల్లరంగు కనబడదని టీచరు తెల్లరంగు తెప్పించింది. చదును గోడలకు అలవాటుపడ్డ నేను ఆ వంపుకు కష్టంగా ఒదిగాను. 3-118 పడింది. ఎనిమిది కాస్త పక్కకు ఒరిగింది.

నూకాలు అంకెలకేసి చూడలేదు. కాగితంలో ఏం రాశారో చదవమంది. టీచరు ఆరు పేర్లూ చదివింది. తన పేరు వచ్చినప్పుడు నూకాలు చంటిదాన్ని భుజం మార్చుకుని తల దించుకుంది.

“ఇంకోపాలి సదవండమ్మా. మా అత్తకి ఇనబళ్ళేదు.”

అత్త పక్కనే కూర్చుని ప్రతి పేరుకీ తల ఊపుతూనే ఉంది. టీచరు మళ్ళీ మొదటినుంచి చదివింది, ఈసారి మెల్లగా.

ఇప్పుడు ఇళ్ళకు స్టిక్కర్లు అంటిస్తున్నారు. నాకు పని లేదు. బీరువా అడుగున ఉండి ఆ మధ్యాహ్నాన్ని తలుచుకుంటూ ఉంటాను. చేపలు అటు ఒడ్డున పడుతున్నాయని, రంగు ఆరగానే ఏడుకొండలు తాడు విప్పాడు. టీచరు నన్ను చేతిలో పట్టుకుని గట్టు మీద నిలబడింది. మా ఊరి జనాభాలో ఆరుగురు ఆ పూట గోదారి నడిమధ్య ఉన్నారు.