ఆఖరి డిస్కు

మధ్యాహ్నం అన్నాలయ్యాక సుజికి దొరికే గంటన్నరా ఆ నెలంతా పాటల డిస్కుల పాలైంది. భర్త వరదానం అనకాపల్లి కరెంటాఫీసులో గుమస్తా. పాటలంటే ప్రాణం. వైజాగ్ వెళ్ళి జేబులో పట్టే మ్యూజిక్ ప్లేయర్ కొన్నాడు. కొట్లో సుజి కూడా పక్కనే ఉంది. రెండు జీబీది తీసుకుందాం, మన డిస్కులన్నీ పడతాయంది. అది కాస్త లావు, తెర చిన్నది. "నీకేటి తెలుసు? వినీవోణ్ణి నేను," అని ఆయన మెరిసే తెరున్న ఒక జీబీ నీలంది జేబులో పెట్టుకుని, అద్దంలో చూసుకుని మరీ కొన్నాడు. వినేది ఆయనే గాని ఎక్కించేది సుజి. ఇంట్లో ఖాళీగా ఉండేది ఆవిడేనట!

ఒక్కో డిస్కూ కంప్యూటర్లోకి దిగడానికి పావుగంట పట్టేది. ఇంట్లో ఇంటర్నెట్ లేదు కనక పాటలకి పేర్లు రావు, ఒకటి, రెండు, మూడు అని అంకెలొస్తాయంతే. ఆ ఖాళీ మనిషే అట్టలు చూసి ఒక్కో పేరూ టైపు చేసింది, మధ్యలో లేచి బట్టలు మడతపెట్టింది, రాత్రికి పప్పు కడిగి పెట్టింది. ముందు ఆయనకి సినిమా పాటలు, తర్వాత అత్తగారు అప్పాయమ్మకి ప్రసంగాలు, ఆ తర్వాత కూతురు అక్సాకి ఇంగ్లీషు రైమ్సు. అన్నం వడ్డించే వరసే. ఎవరూ చెప్పలేదు, చెయ్యే అలా వెళ్ళింది.

డిస్కుల పెట్టె అడుగున ఒకే ఒక్కటి మిగిలింది. అట్ట లేదు, మీద మార్కరుతో తన రాత. పెళ్ళయిన కొత్తలో చర్చి క్వయర్‌తో కలిసి పాడిన మూడు పాటలు. మూడింటిలోనూ మొదటి గొంతు సుజిదే. అక్సా కడుపున పడగానే, "మైకు ముందర నిలబడ్డమేటమ్మా, నలుగురూ ఏటనుకుంటారు?" అంది అత్తగారు. కాన్పయ్యాక వెళ్దాంలే అనుకుంది. ఏడేళ్ళయింది.

తీరా ఆ డిస్కు పెట్టబోయే సరికి ప్లేయర్ నిండిపోయింది. అందులో చోటు లేనప్పుడు కంప్యూటర్లోకి దింపి మాత్రం ఏం లాభం, ఎవరు వింటారు అనుకుని మళ్ళీ పెట్టెలో పడేసింది. ఆయనవి మూడు పాటలు చెరిపేస్తే సరిపోయేది. ఆ ఆలోచనైనా రాలేదు పిచ్చి మొహానికి.

శనివారం చూస్తే పెట్టె లేదు.

"ఎక్కించేసేవు కదా, ఇంకెందుకవి? దేముడు చేలో పిట్టలు తోలడానికి కావాలంటే ఇచ్చేసేను," అన్నాడు వరదానం, చెవుల్లో తీగలు తియ్యకుండానే. దేముడు నక్కపల్లి రైతు, మోటారు కనెక్షను కోసం ఆఫీసు చుట్టూ తిరుగుతున్నాడు. అన్నీ ఎక్కించావా అని ఒక్క మాట అడిగితే ఆయన సొమ్మేం పోయేది?

సోమవారం, ఆస్పత్రికని అబద్ధం చెప్పి సుజి నక్కపల్లి బస్సెక్కింది. దేముడు వరి చేను గింజ పట్టి వంగి ఉంది. చేనంతా తాళ్ళు కట్టి, వాటికి డిస్కులు వేలాడదీశారు. దేముడు భార్య దేముడమ్మ గడ్డి కోస్తున్నదల్లా కొడవలి పక్కన పెట్టి సుజితో పాటు తనూ వెతికింది. సుజి రాత ఉన్న డిస్కు దొరికింది. గాలికి గిరగిరా తిరగడానికి ప్రతి డిస్కుకీ అంచున కాల్చిన మేకుతో కన్నం పొడిచారు. దానికీ పొడిచారు, ఆ కన్నం నుంచి నడిమి దాకా పగిలింది, ఇంక పాడదు.

"ఏటుందమ్మా ఇందులో?"

"నా పాటలు."

"నువ్వు పాడినియ్యే? అయ్యో తల్లీ, మాకు తెల్దు." దేముడమ్మ డిస్కుని కొంగుతో తుడిచి చేతికిచ్చి, "పోన్లే, ఓ పాట పాడు, ఇంటాను," అంది.

సుజి గొంతు సవరించుకుంది. మొదటి లైను వచ్చింది. రెండోది రాలేదు. మళ్ళీ ఎత్తుకుంది, మళ్ళీ అక్కడే ఆగింది. మొగుడి పాటల పేర్లు నూటేభై వరసగా చెప్పమంటే తడుముకోకుండా చెప్పగలదు. గట్టు మీద కూలబడి ఏడ్చింది. కన్నం పొడిచింది దేముడు, ఇచ్చేసింది వరదానం, కానీ ఆఖర్న పెట్టింది తన చెయ్యే. అదే ఆమెకి ఎక్కువ బాధగా ఉంది.

ఆ రాత్రి అందరూ కంచాల ముందు కూచున్నాక సుజి అన్నం గిన్నె తెచ్చింది. ముందు తన కంచంలో పెట్టుకుంది. పప్పు వేసుకుంది. కూచుని కలుపుకుంది.

"ఏటిది సుజీ, ఆడింకా ముద్ద ముట్టందే?" అంది అప్పాయమ్మ. వరదానం చెవుల్లో తీగలు తీసి చూశాడు.

"శనివారం నుంచి క్వయర్‌కి వెళ్తాను," అంది సుజి. "పాటలో రెండో లైను మర్చిపోయేను."